బేస్ గిటారుకు పెట్టె ముందా, యంత్రం ముందా?

ఉగాదికీ, సంఘం వార్షికోత్సవానికీ మన పిల్లలు వేదిక ఎక్కి సినిమా పాటలు వాయించటం బెంగుళూరులోనూ, చెన్నైలోనూ, బరంపురంలోనూ, ముంబయిలోనూ మామూలైపోయింది. కీబోర్డునూ, డ్రమ్ములనూ చూసి ముచ్చటపడే పెద్దలు, నాలుగే తీగలున్న పొడుగాటి గిటారు పట్టుకుని ఒక పక్కగా నిలుచున్న కుర్రవాణ్ణి అంతగా గమనించరు. అతడు వాయించేది బేస్ గిటారు. ఇళయరాజా పాటలు శ్రద్ధగా విన్నవారికి, గాయకుని గొంతు కింద మరొక పాట నడుస్తున్నట్టు వినిపించే మంద్రస్వరం గుర్తుండే వుంటుంది. ఆ పని ఇతడిది. వాయిస్తున్నంతసేపూ ఎవరికీ తెలియదు గాని, ఆపేస్తే పాట కాళ్ళు విరిగినట్టు కూలబడుతుంది.

ఈ కుర్రవాడు ఒకనాడు "నాన్నగారూ, యాంప్లిఫయరు కొనాలి, స్పీకరు పెట్టె కూడా కావాలి" అంటాడు. గిటారుకు పెట్టిన ఖర్చే ఇంకా మరచిపోని తండ్రి మండిపడతాడు. తల్లి నడుమ నలుగుతుంది. ఒకసారి కొన్న తరువాత దుకాణంవాడు తిరిగి తీసుకోడు. తప్పు సరకు అయితే కాలేజీ ఫీజంత సొమ్ము గది మూల పడివుంటుంది. ఇటువంటి ఇళ్ళవారు కొందరు మమ్మల్ని సలహా అడిగారు గనుక మాకు తెలిసినది ఇక్కడ వ్రాస్తున్నాము.

దుకాణంలో అడుగుపెట్టగానే అందరూ అడిగే ప్రశ్న "ఎన్ని వాట్లు?" అని. అమ్మేవాడికి కావలసిందీ అదే. కాని వాట్లు మోత కావు. 100 వాట్ల యంత్రం తీసి 200 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సు మాత్రమే. అంటే, కాస్త పెరిగినట్టుందా అని పక్కవాణ్ణి అడగవలసినంత. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే శక్తి సుమారు 10 రెట్లు కావాలి. అంత శక్తి డబ్బుతో కొనేకన్నా, తెలివైన పెట్టెను ఎంచుకోవటం చవక. ప్రతి మంచి పెట్టెకూ, ఒక వాటు శక్తి ఇచ్చి ఒక మీటరు దూరాన కొలిచిన మోత ఎంతో కాగితంలో వేసి వుంటుంది. ఒక పెట్టెకు అది 94 డెసిబెల్సు, మరొకదానికి 100 అనుకుందాము. రెండవదాని మీద 100 వాట్లు చేసే పనికి మొదటిదాని మీద 400 వాట్లు కావాలి. అందుకే మేము చెప్పేది: ముందు పెట్టెను ఎంచుకోండి, దానికి తగిన యంత్రాన్ని తరువాత చూడండి. మనవారు సాధారణంగా చేసేది దీనికి తలకిందులు.

మామూలు గిటారు యాంప్లిఫయరు ఇంట్లో వుంది గదా, దానితో సరిపెట్టుకోరాదా అని తండ్రులు అడుగుతారు. సబబైన ప్రశ్నే. బేస్ గిటారులోని అన్నిటికన్న లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటారు లావు తీగ 82 సార్లు. స్వరం ఎంత కిందికి దిగితే స్పీకరు కాగితం అంత ఎక్కువ దూరం ముందుకూ వెనకకూ కదలి గాలిని నెట్టాలి. పైగా మన చెవి మంద్రస్వరాలను అంత సులువుగా అందుకోదు. గిటారు కోసం చేసిన స్పీకరును ఈ పనికి పెట్టి గట్టిగా వాయిస్తే కాగితం చిరుగుతుంది, లేదా లోపలి తీగచుట్ట చెడిపోతుంది. ఇంట్లో మెల్లగా సాధన చేసుకోవటానికి ఫరవాలేదు, సభకు మాత్రం వద్దు.

పది అంగుళాల స్పీకర్లు నాలుగున్న పెట్టె మేలా, పదిహేను అంగుళాలది ఒకటున్న పెట్టె మేలా అని కుర్రవాళ్ళు గంటల తరబడి వాదించుకుంటారు. స్పీకరు వెడల్పును బట్టి మంద్రం పలుకుతుందనటం పాత నమ్మకం. పెట్టెలో ఎంత గాలి పడుతుంది, మూసివున్నదా రంధ్రం వున్నదా, స్పీకరు ఎంత దూరం కదలగలదు అన్నవి అసలు సంగతులు. వీటికి లెక్క కట్టే మార్గం చూపినవాడు ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, 1961లో. రిచర్డ్ స్మాల్ 1970ల మొదటి యేళ్ళలో దానిని విస్తరించాడు. ఈ శాస్త్రంలో హాఫ్‌మన్ పేరున ఒక నియమం చెప్పుకుంటారు: పెట్టె చిన్నది కావాలి, మంద్రం లోతుగా పలకాలి, తక్కువ శక్తితో మోత ఎక్కువ రావాలి అన్న మూడు కోరికలలో రెండే తీరుతాయి, మూడవది వదులుకోవాలి. "మా పెట్టెలో మూడూ వున్నాయి" అనే అమ్మకందారు మాట వినేటప్పుడు దీనిని తలచుకుంటే చాలు.

వెనకటికి ఈ బరువు పెద్ద సమస్య. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేసును, మరుసటి యేడే దానికోసం బాస్‌మన్ యాంప్లిఫయరునూ తెచ్చాడు. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అనే 300 వాట్ల వాల్వు యంత్రాన్ని చేసింది. దాని బరువు 35 కిలోలకు పైమాటే; దానికి తగిన ఎనిమిది స్పీకర్ల పెట్టె ఈనాటికీ సుమారు 63 కిలోలు. మన రుబ్బురోళ్ళు నయం. ఇప్పుడు క్లాస్ డి అనే పద్ధతి వల్ల 500 వాట్ల యంత్రం రెండు మూడు కిలోలకు వచ్చేసింది. నియోడిమియం అయస్కాంతాలు వాడిన పన్నెండు అంగుళాల పెట్టెను ఒక చేత్తో పట్టుకుని మూడో అంతస్తు ఎక్కవచ్చు. లిఫ్టు లేని ఇళ్ళలో వుండేవారికి ఈ సుగుణం ముందు మిగతావన్నీ తరువాతే.

మా మట్టుకు మేము, ఒకే పెద్ద పెట్టె కన్న చిన్న పెట్టెలు రెండు మేలంటాము. చిన్న కల్యాణ మండపానికి ఒకటి, పెద్ద సభకు రెండు. అయితే ఇక్కడ ఓముల సంగతి తెలియాలి. ఒక్కొక్కటి 8 ఓములున్న రెండు పెట్టెలను యంత్రానికి మామూలుగా కలిపితే మొత్తం 4 ఓములవుతుంది. ఈనాటి యంత్రాలు చాలా వరకు 4 ఓముల దాకా భరిస్తాయి. మొదటి పెట్టే 4 ఓములది కొని, తరువాత అలాంటిదే మరొకటి తగిలిస్తే 2 ఓములకు దిగుతుంది. భరించలేని యంత్రం వేడెక్కి ఆగిపోతుంది, లేదా కాలిపోతుంది. కనుక మొదటిది 8 ఓములది కొనటం ముందుచూపు. వాల్వు యంత్రమైతే పెట్టె తగిలించకుండా మాత్రం ఎన్నడూ వాయించరాదు, లోపలి ట్రాన్స్‌ఫార్మరు పాడవుతుంది. యంత్రం నుంచి పెట్టెకు వెళ్ళే తీగ కూడా స్పీకరు తీగే కావాలి. గిటారుకు వాడే సన్నని తీగ చూపుకు ఒకేలా వున్నా, దానికి ఆ శక్తి మోసే బలం లేదు.

ఇక సభాస్థలం. మన మండపాలన్నీ నున్నటి రాతి నేల, సిమెంటు గోడలు. పెట్టెను గోడ మూలకు చేర్చితే మంద్రం గుమగుమలాడి పాట మాటలు మునిగిపోతాయి. గోడకు కాస్త ఎడంగా, కుర్చీ ఎత్తున పెడితే వాయించేవాడికి తన స్వరం తనకు తెలుస్తుంది, తెలిసినవాడు అనవసరంగా పెంచడు. హాలంతటికీ వినిపించే భారం ఈ పెట్టె మీద వేయనక్కర లేదు. యంత్రం వెనక డీఐ అనే సాకెట్టు వుంటే, అక్కడి నుంచి మైకుసెట్టువారికి తీగ ఇచ్చి ఆ భారం వారికి అప్పగించవచ్చు. ఆ సాకెట్టు లేని యంత్రాన్ని, ఎంత చవకైనా, మేము కొనమనము. ఆరుబయట సభ అయితే, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడుస్పీకర్లు కూడదని 2000 సంవత్సరపు శబ్ద నియమాలు చెబుతున్నాయి. ప్రత్యేక అనుమతి లేకపోతే కార్యక్రమాన్ని ఆ లెక్కకు కుదించుకోవలసిందే.

అన్నిటికన్న ముఖ్యమైనది దుకాణంలో ఎవరూ చెప్పనిది, ఎర్తు. యంత్రం 'ఘూ' మని మోగుతోందని ప్లగ్గులోని మూడవ కాలును విరిచేసేవారిని చూశాము. దయచేసి పిల్లలను అలా చేయనివ్వకండి. గిటారు తీగల మీద చేతులు, మైకు మీద పెదవులు. రెండింటిలో ఒకదానికి ఎర్తు సరిగా లేకపోతే కరెంటు మనిషిలో నుంచి పోతుంది. 1972లో ఇంగ్లండు పక్కనున్న వేల్సులో, స్వాన్సీ పట్టణంలో, లెస్లీ హార్వీ అనే గిటారు వాద్యకారుడు వేదిక మీదనే ఎర్తు లేని మైకును తాకి ప్రాణాలు కోల్పోయాడు. అప్పటికి అతని వయస్సు ముప్పయి దాటలేదు. మండపం సాకెట్లను వాద్యాలు తగిలించకముందే ఎలక్ట్రీషియనుచేత పరీక్ష చేయించండి, దాని ఖర్చు స్వల్పం.

మేనమామో బాబాయో అమెరికా నుంచి తెచ్చే యంత్రం సంగతి వేరు. అక్కడ కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. వెనక రేకు మీద 100 నుంచి 240 దాకా అని వుంటే నిశ్చింత. 120 మాత్రమే వుంటే తగినంత సామర్థ్యమున్న ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తగిలించరాదు. మాకు తెలిసిన ఒక ఇంట్లో కొత్త పెట్టె విప్పి, అందరూ చుట్టూ కూర్చుని, హారతి ఇచ్చి మరీ స్విచ్చి వేశారు. అయిదు నిమిషాలకు గది నిండా కాలిన వాసన.

పాతది కొనేవారు అబ్బాయి గిటారును, తీగలను తమతోనే తీసుకువెళ్ళాలి. పెట్టె ముందున్న జాలీ తీయించి, స్పీకరు కాగితాన్ని రెండు చేతుల వేళ్ళతో నాలుగు వైపులా సమంగా, మెల్లగా లోపలికి నొక్కి చూడండి. గరగరమని రాపిడి వినిపిస్తే తీగచుట్ట చెడినట్టే. తరువాత లావు తీగను మోత పెంచి అరగంట వాయించమనండి. అయిదు నిమిషాలు ఏ యంత్రమైనా పలుకుతుంది. అమ్మేవాడు "అంతసేపు ఎందుకండీ, పొరుగువారు విసుక్కుంటారు" అంటే అడ్వాన్సు ఇవ్వకుండా ఇంటికి వచ్చేయండి.