మజ్జిగ గ్లాసు దాకా చెయ్యి

సెలవులకి అమ్మానాన్నలను ఇక్కడికి రప్పించుకుంటాం. భోజనాల దగ్గర నాన్నగారు మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాస్తారు. ఆ చెయ్యి చేరేలోగా మనలో ఎవరో ఒకరం గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టేస్తాం. వయసు మీదపడింది అనుకుంటాం. చిరాకుగా ఉన్న రోజున బద్ధకం అని కూడా అనేస్తాం. వణుకుంటేనే పార్కిన్సన్ జబ్బని మనకో నమ్మకం. వణుకు లేకుండా ఒట్టి మందకొడితనంతో మొదలవడమూ కద్దు.

1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన జబ్బు ఇది. మెదడు అడుగుభాగాన డోపమీన్ తయారుచేసే కణాలు నశిస్తాయి. కండల్లో బలం ఉన్నా కదలిక నెమ్మదిస్తుంది.

గురి తప్పుతుందనే భయంతో నెమ్మదిస్తారా? తొందరపడితే ఎవరికైనా గురి తప్పుతుంది. సూదిలో దారం ఎక్కించేవారికి తెలుసు. 2007లో మజ్జోని, క్రాకవర్ల బృందం ఈ ప్రశ్నే వేసుకుంది. చెప్పిన వేగంతో చెయ్యి చాచి గురిని అందుకోమన్నారు. జబ్బు మరీ ముదరని రోగులు ఆ వేగాన్ని అందుకున్నారు, గురిలోనూ ఆరోగ్యవంతులకి తీసిపోలేదు. కాకపోతే, కావలసినన్ని వేగమైన ప్రయత్నాలు పోగవడానికి వాళ్ళకి ఎక్కువ సార్లు పట్టింది. చేతకాక కాదు, శ్రమపడడానికి మెదడు లోలోపల ఇవ్వవలసిన ఉత్సాహం ఇవ్వడం లేదని వారి అభిప్రాయం. రోగి మనసులోని ఇష్టానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంకో వింత. 1998లో వెలువడిన ఒక పరిశోధనలో, కదలని బంతిని వీలైనంత వేగంగా పట్టుకోమంటే వెనకబడ్డ రోగులు, దొర్లుతూ వచ్చే బంతిని మామూలువాళ్ళంత వేగంగానూ పట్టుకున్నారు! ఇది చూసిన ఇంట్లోవాళ్ళు "కావాలనుకుంటే చెయ్యగలరు" అనేస్తారు. అదే పొరపాటు. బయటినుంచి వచ్చే ప్రేరణ వేరు, లోపలినుంచి పుట్టేది వేరు.

అనుమానం ఉంటే నరాల వైద్యుడికి చూపించాలి. లెవోడోపా అనే మందు ఈ మందకొడితనాన్ని చాలావరకు తగ్గిస్తుంది. మన దూలగొండి గింజల్లో ఉన్నదీ అదే. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని వేరుచేశారు. అలాగని సూట్‌కేసులో తెచ్చుకున్న పొడిని డాక్టరుకి చెప్పకుండా వాడితే మోతాదు ఎంతో ఎవరికీ తెలియదు. మాత్ర వేళ తప్పకూడదు. పప్పూ పెరుగూ దండిగా తిన్న వెంటనే వేసుకుంటే కొందరికి సరిగా పనిచెయ్యదు. అందుకని భోజనానికి ఎంత ముందు వెయ్యాలో డాక్టరునే అడిగి, ఆ వేళ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటే మేలు.