కంప్యూటరుకు నాడి చూద్దామా!

వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు కదా! కంప్యూటరు మందగించినప్పుడు మనమూ ముందు కొలవాలి, ఆ తరువాతే సరిదిద్దాలి.

ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లినక్స్‌లో 'అప్‌టైమ్' అని టైపు చేస్తే, చివర మూడు సంఖ్యలు కనిపిస్తాయి. అవి గడచిన 1, 5, 15 నిమిషాల సగటు పనిభారాన్ని తెలుపుతాయి.

నాలుగు పిండిమరలున్న చోటికి నలుగురు వస్తే ఎవరూ ఆగనక్కరలేదు. ఎనిమిది మంది వస్తే నలుగురు వరుసలో నిలవాలి. నాలుగు కోర్ల ప్రాసెసరుకు పనిభారం 8 అయితే జరిగేదీ ఇటువంటిదే.

అయితే ఇక్కడొక చిక్కుంది. డిస్కు కోసం ఎదురుచూసే పనులను కూడా లినక్స్ ఈ లెక్కలో కలుపుతుంది. మరి ఆలస్యం ఎక్కడ? 'విఎమ్‌స్టాట్ 1' అని టైపు చేయండి. సెకనుకొక వరుస వస్తుంది. మొదటి వరుసను వదిలేయండి. అది యంత్రం మొదలైనప్పటి నుండి సగటు. తరువాతి వరుసలలో 'ఎస్‌ఐ', 'ఎస్‌ఓ' అనే గడులలో పెద్ద సంఖ్యలే వస్తూ ఉంటే, ర్యామ్ చాలక సమాచారం డిస్కుకూ ర్యామ్‌కూ మధ్య తిరుగుతోందన్నమాట. డిస్కు ర్యామ్ కంటె ఎన్నో రెట్లు నెమ్మది. అప్పుడు కొత్త ప్రాసెసరు కొంటే డబ్బు దండుగ! అవసరం లేని ప్రోగ్రాములు మూయాలి, లేదా ర్యామ్ పెంచాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్ళీ కొలవండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో మీకెలా తెలుస్తుంది?