మూడు వేలకే గది... కింద జూదశాల!

మామిడితోటలో నలుగురు కూర్చుని పందెం కట్టి పేకాడితే పోలీసు జీపు వస్తుంది. 1974 నాటి గేమింగ్ చట్టం కింద కేసు పెట్టి, ముక్కలతోపాటు జేబులో డబ్బులూ పట్టుకుపోతారు. ఖమ్మం జిల్లా కుసుమంచిలో ఈ సంగతి తెలియని పెద్దమనిషి ఉండడు. అదే ఊరి నుంచి కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు మాత్రం ఏదో ఒక వారాంతం నడిబొడ్డు జూదశాలలోనే సూట్‌కేసులు దించుకుంటారు. ఎందుకంటే గ్రాండ్ కాన్యన్ చూడాలంటే చాలామంది మన పిల్లలు విమానం దిగేది లాస్ వెగాస్‌లోనే. అక్కడ చవగ్గా దొరికే గదులేమో క్యాసినో హోటళ్లలోవే.

‘నాన్నా, రెండు రాత్రులుందాం. గది 35 డాలర్లే. మన మూడు వేలు. హైదరాబాద్‌లో లాడ్జి కూడా రాదు ఆ రేటుకి’ అంటాడు కొడుకు. నిజమే. ఎక్స్‌కాలిబర్, సర్కస్ సర్కస్ లాంటి పెద్ద హోటళ్లు కూడా వారం మధ్యలో అలాంటి ధరలు పెడుతుంటాయి. ఎక్స్‌కాలిబర్ 1990లో తెరిచిన కోట ఆకారపు హోటల్, గదులే సుమారు నాలుగు వేలు. మరి అంత చవగ్గా ఎలా ఇస్తారు? గది మీద పోయింది కింద పందేల్లో వస్తుందని హోటలువాళ్ల లెక్క. పందెం కాయని వాళ్లకి మాత్రం ఆ లెక్క వేరేగా తేలుతుంది.

ఎలాగో చూడండి. గది 35 డాలర్లు. దానికి ‘రిసార్ట్ ఫీజు’ అని ఒకటి తగిలిస్తారు. ఈతకొలను, ఇంటర్నెట్ వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. 40 డాలర్లు అనుకోండి. మొత్తం మీద సుమారు 13 శాతం పన్ను. 85 అయింది. అమ్మానాన్నలకొకటి, పిల్లలకొకటి... రెండు గదులు. కారు నిలిపినందుకు రోజుకి 20 వేసుకుంటే రాత్రికి 190, రెండు రాత్రులకి 380 డాలర్లు. మొదట అనుకున్నది 140! ఈ తప్పనిసరి ఫీజుల్ని మొదటి ధరలోనే కలిపి చూపించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నిబంధన 2025 మే 12న అమల్లోకి వచ్చింది. దాంతో కొంత నయం. పన్ను, పార్కింగ్ మాత్రం అందులో కలవవు. పైగా దిగగానే కార్డు మీద కొంత మొత్తం ఆపి ఉంచుతారు. వెళ్లాక కొన్నాళ్లకి గానీ వదలరు.

డబ్బు సంగతి సరే, మోకాళ్ల సంగతేంటి?

వెగాస్‌లో ఏ హోటలు మ్యాప్‌లో చూసినా పక్కపక్కనే ఉన్నట్టుంటుంది. హోటళ్ల వరస ఉన్న ఆ ‘స్ట్రిప్’ పొడవు దాదాపు ఏడు కిలోమీటర్లు. బెల్లాజియో ముందు ఫౌంటెన్లు ఉచితంగా చూడొచ్చు గానీ, చవక హోటళ్లు ఎక్కువగా వరసకి ఆ చివరో ఈ చివరో ఉంటాయి. హోటల్ లోపలా అంతే. గది తాళం తీసుకునే కౌంటర్ నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి టిఫిన్ దాకా జూదశాల మధ్యలోంచే నడవాలి. అక్కడ గోడ గడియారం ఉండదు, కిటికీ ఉండదు. పొగ మాత్రం దండిగా ఉంటుంది. 2006లో నెవాడా ఓటర్లు ఆమోదించిన పొగరహిత చట్టం క్యాసినో హాళ్లని మినహాయించింది. నాన్నకి ఆయాసం ఉంటే ఇదొక్కటి చాలు నిర్ణయం మార్చుకోడానికి. స్ట్రిప్ మీదే ఉన్న పార్క్ ఎంజీఎం 2020 నుంచి పూర్తిగా పొగరహితం. వ్దారా అనే హోటల్లో అసలు క్యాసినోనే లేదు. ధర కాస్త ఎక్కువ, ఊపిరి హాయి.

మనవలు వెంట ఉంటే ఇంకో చిక్కు. ఇరవై ఒక్కటి నిండనివాళ్లు ఆ హాల్లోంచి నడిచి వెళ్లొచ్చు గానీ ఆగకూడదు. తాతయ్య మిషను దగ్గర ‘ఒక్క నిమిషం’ అని నిలబడితే, పిల్లాడి చెయ్యి పట్టుకున్న నానమ్మకి సెక్యూరిటీ మనిషి వచ్చి దారి చూపిస్తాడు.

ఇక అమ్మ బాధ వేరు. ఆవకాయ సీసా, కారప్పొడి, చిన్న రైస్ కుక్కర్ సర్దుకునే బయల్దేరుతుంది. క్యాసినో హోటల్ గదుల్లో వంటకి సాధారణంగా ఒప్పుకోరు. చాలావాటిలో నీళ్లు కాచుకునే కెటిల్ కూడా ఉండదు. మినీ ఫ్రిజ్‌లో సీసా పక్కకి జరిపితేనే బిల్లు పడే ఏర్పాట్లూ ఉన్నాయి. మరుసటిరోజు తెల్లవారుజామున కాన్యన్‌కి బయల్దేరేవాళ్లకి స్ట్రిప్‌కి దూరంగా, వంటగట్టుతో, ఉదయం టిఫిన్‌తో ఉండే సూట్ హోటలే మేలు. కాన్యన్ సౌత్ రిమ్‌కి ఒకవైపే నాలుగున్నర గంటల ప్రయాణం. అద్దాల వంతెన ఉన్న వెస్ట్ రిమ్ అయితే రెండున్నర గంటల్లోపే, కానీ అది హువలపాయ్ తెగవారి భూమి. జాతీయ పార్కు పాసు అక్కడ చెల్లదు.

అయితే క్యాసినో హోటల్ ఎవరికీ పనికిరాదనీ కాదు. పెళ్లయిన కొత్తజంట, నలుగురు స్నేహితులు, రాత్రి రెండింటి దాకా దీపాలు చూస్తూ తిరగాలనుకునేవాళ్లు... వాళ్లకి అంతకంటే మంచి బేరం లేదు. మంగళ, బుధవారాల్లో వెళ్తే మరీను. జనవరిలో ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన, నవంబరులో కార్ల పందేలప్పుడు మాత్రం అదే గది ధర ఎన్నో రెట్లవుతుంది. మిరాజ్ అగ్నిపర్వతం చూడాలని పాత వీడియోలు నమ్ముకుని వెళ్లేరు. అది 2024 జులైలోనే మూతపడింది.

వెళ్లాక ఓ ఇరవై డాలర్లు ఆడి చూద్దామనిపిస్తుంది. తప్పేం లేదు, పాస్‌పోర్టు జేబులో ఉంటే చాలు. రెండు సున్నాలున్న రౌలెట్ చక్రం మీద వంద డాలర్ల పందేలకి సగటున ఐదు డాలర్ల పైచిలుకు పోతుంది. మూడు సున్నాల చక్రమైతే ఏడున్నర దాటుతుంది. స్లాట్ మెషీన్‌లో భారీగా తగిలిందా, విదేశీయులకి 30 శాతం పన్ను పట్టుకుని మరీ ఇస్తారు.

విమానం టికెట్టు, హోటలు, భోజనం అన్నీ మేమే చూసుకుంటాం అంటూ వచ్చే ప్యాకేజీలతో ఇంకా జాగ్రత్త. జూదం నిషిద్ధమైన థాయ్‌లాండ్‌లో, 2023 మే 1న పట్టాయాలోని ఓ హోటల్‌పై దాడి చేసిన పోలీసులు 80 మందికి పైగా భారతీయుల్ని అదుపులోకి తీసుకున్నారు. వారిలో మన తెలుగువాళ్లే ఎక్కువ. గోవాలో మాండవి నది మీద పడవల్లో ఆట చట్టబద్ధమే అయినా, 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోలపై జీఎస్టీ 40 శాతం అయింది.

వెగాస్ వెళ్లిన కుసుమంచి నాన్నకి అసలు చూడాల్సింది ఊరికి 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. అదే 1930ల్లో కట్టిన హూవర్ డ్యామ్. పాలేరు రిజర్వాయరుకి నీళ్లొచ్చే నాగార్జునసాగర్ ఎత్తు 124 మీటర్లు. ఇది 221. గట్టు మీద నిలబడి కిందికి చూస్తూ ఆయన కచ్చితంగా అడిగే ప్రశ్నకి కొడుకు ముందే సిద్ధమై ఉండాలి: ‘దీని కింద ఆయకట్టెంతరా?’