బస్తీ కథ బస్తీ పోరగాళ్లే చెప్పాలె

హైదరాబాద్ బస్తీ అంటె ఫోన్‌ల మనకు కనవడేది ఏంది? మోరీలు, కొట్లాటలు, వానొస్తె మునిగిన ఇండ్లు, ఎండకాలం ట్యాంకర్ కాడ బిందెల లొల్లి. ఇవన్నీ అబద్ధమని నేననను. మాది చాదర్‌ఘాట్ దిక్కు మూసీ పక్కన బస్తీ. నీళ్లు గల్లీలకు ఎట్లొస్తయో నాకెరుకే. కానీ గదొక్కటే బస్తీ కాదు. డిగ్రీ చదువుతున్న మేం నలుగురు దోస్తులం రెండేండ్ల సంది ఫోన్‌తోని మా బస్తీ మీద చిన్న చిన్న వీడియోలు తీస్తున్నం. ఎందుకు తీస్తున్నం, ఎట్ల తీస్తున్నం, ఏం జాగ్రత్త పడ్తున్నం అనేది ఊర్లల్ల ఉన్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు పనికొస్తదని రాస్తున్న.

ముందుగాల జాగ తెల్వాలె

మూసీని మురికి కాల్వ అనుకునేటోళ్లే ఎక్కువ. గది వికారాబాద్ కాడ అనంతగిరి గుట్టలల్ల పుట్టి, నల్గొండ జిల్లా వాడపల్లి కాడ కృష్ణల కలిసే నది. దాని మీద పురానాపూల్ కట్టింది 1578ల. అంటె చార్మినార్ కన్నా 13 ఏండ్ల ముందటిది. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన వరదల వేల మంది సచ్చిపోయిన్రు. ఇప్పటి ఉస్మానియా దవాఖాన ఆవరణల ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మంది దాక బతికిన్రని చెప్తరు. ఆ వరద తర్వాతనే విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చిన్రు. మళ్ల గట్ల కావొద్దని 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ కట్టిన్రు. ఆ దవాఖానకు రోజూ ఎంతో మంది పోతరు. ఆ చెట్టు కథ తెలిసినోళ్లు ఎంతమంది? ఒక వీడియోకు ఇంతకన్నా ఏం గావాలె?

ఒక్క వీడియోకు ఒక్కటే ప్రశ్న

"మా బస్తీ" అని పేరు పెట్టి అన్నీ సూపెడితె ఎవ్వరు సూడరు. ఒక్క ప్రశ్న పట్టుకోవాలె. మూసీ ఒడ్డున పెరిగే గడ్డి యాడికి పోతదనే ప్రశ్నే తీసుకోన్రి. పొద్దుగాల గడ్డి కోస్తున్న చేతులు ఒక షాట్. మోపులు కట్టి బండికెత్తుడు రెండోది. బర్ల కొట్టంల గడ్డేసుడు మూడోది. పాలు పిండుడు, ఆ పాలతోని గల్లీ హోటల్ల చాయ్ కాగుడు ఆఖరిది. నది నీళ్లు మన చాయ్ గిలాస దాక ఎట్లొస్తున్నయో ఒక్క నిమిషంల అర్థమైతది. మురికి మీద లెక్చర్ ఇచ్చే పని లేదు. ఇవే నీళ్లు కింద నల్గొండ, సూర్యాపేట దిక్కు పొలాలకు కూడ పారుతయి. అందుకే గిది ఒక్క పట్నం ముచ్చటే కాదు.

యూట్యూబ్ షార్ట్స్ మొదట్ల 60 సెకండ్లే ఉండె. 2024 అక్టోబర్ సంది మూడు నిమిషాల దాక పెట్టొచ్చు. అట్లని మూడు నిమిషాలు సాగదీయొద్దు. అసలు ప్రశ్న మొదటి మూడు సెకండ్లల్లనే పడాలె, లేకుంటె వేలుతోని పైకి జరిపేస్తరు. ఇంకోటి, బొమ్మ కొంచెం మసకగున్నా సూస్తరు గని, మాట ఇనవడకుంటె సూడరు. మైకు కొనే పైసల్లేకుంటె వైరున్న ఇయర్‌ఫోన్ మైకును అంగీకి పెట్టి మాట్లాడిపియ్యున్రి. సినిమా పాటెయ్యకున్రి. గడ్డి కోసే సప్పుడు, చాయ్ పోసే సప్పుడే దానికి పాట.

అడిగినంకనే కెమెరా

మా నలుగురి నడుమ ఒక కట్టుబాటు ఉన్నది. మనిషిని అడగకుంట ఫోన్ లేపొద్దు. తీసినంక వాళ్లకే ముందు సూపియ్యాలె. "వద్దు బిడ్డా, తీసెయ్" అంటె మారు మాట లేకుంట తీసెయ్యాలె. నల్లా కాడ ఆడోళ్లను, చిన్న పిల్లలను లైకుల కోసం తీసుడు మంచిది కాదు. మనం వీడియో పెట్టి మర్సిపోతం. వాళ్లు అదే గల్లీల బతకాలె.

2024 సెప్టెంబర్ ఆఖర్ల మూసీ ఒడ్డున ఇండ్ల గోడల మీద అధికార్లు ఎర్ర రంగుతోని 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసిన్రు. నదిల ఉన్న ఇండ్లు తీసేస్తమని దానర్థం. అక్టోబర్ మొదట్ల చాదర్‌ఘాట్ దిక్కు కొన్ని ఇండ్లు కూలగొట్టిన్రు. కొందరు డబుల్ బెడ్రూం ఇండ్లకు పోయిన్రు, కొందరు మేం పోమని కూసున్నరు. ఒకే గల్లీల రెండు తీర్ల మాటలు ఇన్నం. "వరద భయం తప్పింది" అనేటోళ్లున్నరు, "పని ఈడుంటె ఇల్లు ఆడిస్తె ఎట్ల" అనేటోళ్లున్నరు. రెండూ పెట్టినం. ఒక్కటే పెడితె ఎక్కువ మంది సూస్తుండె కావొచ్చు గని, గది మా గల్లీ కాదు.

ఇంకో జాగ్రత్త. బాధల ఉన్న మనిషి ఇంటి కాయితాలు, ఆధార్ కార్డు కెమెరా ముందల పెడ్తడు. ఆ నంబర్లు కనవడకుంట మసక చెయ్యాలె. సాయం చేద్దామని పోయి నష్టం చెయ్యొద్దు.

దాసిపెట్టుడు కూడ పనే

కూలిన గోడను మళ్ల తీయలేం. అందుకే తీసిన ప్రతి వీడియోకు తారీఖు, జాగ పేరు, మాట్లాడినోళ్లు ఏం పని చేస్తరో ఒక నోట్‌బుక్కుల రాస్తం. వాట్సాప్‌ల మామూలుగ పంపితె వీడియో క్వాలిటీ పడిపోతది, డాక్యుమెంట్ లెక్క పంపాలె. అసలు ఫైల్ గూగుల్ డ్రైవ్‌ల ఒకటి, పెన్‌డ్రైవ్‌ల ఒకటి పెట్టాలె. తారీఖు లేని వీడియో పదేండ్లకు ఉత్త బొమ్మే. తారీఖుంటె సాక్ష్యం.

పైసలొస్తయా అని అందరు అడుగుతరు. షార్ట్స్ మీద యాడ్స్ పైసలు రావాల్నంటె వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, 90 రోజులల్ల కోటి వ్యూస్ ఉండాలె. బస్తీ వీడియోలకు గంత తొందరగ రాదు. పైసల కోసమే అయితె ఈ పని మొదలు పెట్టకున్రి. వీడియో తీసుడు, ఎడిటింగ్, మనిషితోని మాట్లాడుడు చేతికొస్తయి. గవే రేపు కొలువుకు అక్కరకొస్తయి.

ఊర్లల్ల ఉన్నోళ్లకు ఒక్క మాట. మల్లన్నసాగర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ అసొంటి ఊర్లు మునిగిపోయినయి. ఆ ఊరి పిల్లలకు వాళ్ల తాత ఇల్లు సూపియ్యాల్నంటె ఇప్పుడు నీళ్లే కనవడ్తయి. మీ ఊరికి గట్లనే కావాల్నని కాదు. కానీ కుమ్మరాయన సారె ఆగిపోవచ్చు, చెరువుకట్ట మీద మర్రిచెట్టు పోవచ్చు, కథలు చెప్పే అవ్వ పోవచ్చు. ఈ ఆదివారం ఆ అవ్వ కాడ కూసోన్రి, అడిగి ఫోన్ పెట్టున్రి, ఒక్కటే ప్రశ్న అడుగున్రి. తారీఖు రాసుడు మర్వకున్రి.