ఆకులు కుట్టే టుంటుని

హైదరాబాద్ నుంచి ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవారు దిగే షాలిమార్ స్టేషన్ హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉంది. దానికి దగ్గర్లోనే 1787లో నెలకొల్పిన శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్. ఈ ఏటి ఒడ్డు పొదల్లో నేను ఎక్కువసార్లు విని, తక్కువసార్లు చూసిన పిట్ట ఒకటుంది. బెంగాలీలు దాన్ని టుంటుని అంటారు. మన కుట్టుపిట్టే, కొందరు దర్జీపిట్ట అంటారు.

బరువు ఆరు నుంచి పది గ్రాములు. అంటే ఇంచుమించు మన పది రూపాయల నాణెమంత! నెత్తి ఇటుక రంగు, వీపు ఆకుపచ్చ, పొట్ట తెలుపు, తోక నిక్కబొడుచుకుని ఉంటుంది. గొంతు మాత్రం ఒంటికి పదింతలు. పొద మొత్తం మోగుతుంది, పిట్ట కనబడదు.

దీని గూడు ఒక అద్భుతం. ఆడపిట్ట వెడల్పాటి ఆకును, లేదా రెండు మూడు ఆకులను దగ్గరకు లాగి, అంచుల వెంట ముక్కుతో సన్నని రంధ్రాలు పొడుస్తుంది. వాటిలోంచి సాలెగూటి దారం, దూది పోగులు దూరుస్తుంది. ముడి వేయదు. బయటికొచ్చిన పోగు కొస ఉబ్బి, గుండీలా పట్టుకుంటుంది. రంధ్రాలు ఎంత సన్నవంటే ఆకు వాడదు. ఆకు పైభాగమే బయటికి ఉంటుంది కాబట్టి చూసేవారికి అది గూడని తట్టదు. ఆ సంచిలో మెత్తని దూది పరిచి, సాధారణంగా మూడు గుడ్లు పెడుతుంది.

ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1910లో వెలువరించిన 'టుంటునిర్ బొయి'తో ఈ పిట్ట బెంగాలీ పిల్లలందరికీ చుట్టమైంది. అందులో ఒక కథలో రాజుగారు ఎండబెట్టిన డబ్బులోంచి ఒక్క నాణెం దొరికితే చాలు, రాజుకున్న సంపద తనకూ ఉందని టుంటుని గొప్పలు పోతుంది. మన బ్యాంకు పిల్లలకు చెప్పదగ్గ కథ! మరో కథలో దాని గూడు ఇంటి వెనక వంగమొక్కలో ఉంటుంది. అది నిజానికి దగ్గరి మాట. ఈ పిట్ట అడవినే కోరదు. పెరట్లో, కాలనీ కంచెలో కూడా గూడు కడుతుంది.

చిక్కు అక్కడే వస్తోంది. గూళ్లు ఎక్కువగా కట్టేది జూన్ నుంచి ఆగస్టు వరకు. వానలకు ఏపుగా పెరిగిన మొక్కలను మన క్వార్టర్స్‌లో కత్తిరించేదీ అప్పుడే. పిల్లి కంటికి కూడా ఆననంత భద్రంగా దాచిన గూడు తోటమాలి కంటికి మాత్రం ఎలా కనబడుతుంది? కొమ్మతోపాటు గూడూ చెత్తబండిలోకి పోతుంది.

గుడ్లు పొదగడానికి సుమారు పన్నెండు రోజులు, పిల్లలు ఎగరడానికి మరో పద్నాలుగు రోజులు. ఒక్క నెల గడువు చాలు. ఈ వానాకాలం కత్తెర వేసేముందు, ముఖ్యంగా వెడల్పాకుల మొక్కల దగ్గర, పిల్లలను పిలిచి ఆకులను ఒకసారి పరిశీలించమనండి. కుట్టిన ఆకు కనిపిస్తే తాకకుండా, ఆ కొమ్మను నెలరోజులు వదిలేయమని తోటమాలికి చెప్పండి. మన మొక్కల మీది పురుగులను ఏరి తినే పిట్ట అది. అద్దె ఎప్పటికప్పుడు చెల్లిస్తూనే ఉంటుంది.