వేగు చూచు టాంకు

మన గ్రామపు రెవెన్యూ లెక్కలలో చెఱువును ఇంగ్లీషున టాంకు అని వ్రాయుట పెద్దలెల్లరు ఎఱిగినదే. యుద్ధభూమిలో ఇనుపపట్టాలపై నడచుచు ఫిరంగి కాల్చు యంత్రమునకును అదియే పేరు. నీరు నిలుచు దానికిని, నిప్పులు క్రక్కు దానికిని ఒక్క పేరేల వచ్చెనని సందేహము కలుగుట సహజము. 1915వ సంవత్సరాంతమున ఇంగ్లండులో ఈ యంత్రమును రహస్యముగ నిర్మించుచుండగా, గుట్టు బయటపడకుండుటకై, అది నీళ్లు మోయు తొట్టి యని చెప్పిరి. ఆ మాఱుపేరే నిలిచిపోయినది. ఆ మాట మాత్రము మన పశ్చిమప్రాంతపు భాషలలోని టాంకీ నుండి ఇంగ్లీషునకు చేరినదని భాషావేత్తలు పలువురు చెప్పుదురు.

నేటి ప్రసంగము టాంకులన్నిటిని గూర్చి కాదు. వానిలో చిన్నదియు తేలికయైనదియు నగు ఒక జాతిని గూర్చి మాత్రమే. అది సైన్యమునకు ముందుగ పోయి, శత్రువు జాడ చూచి, వార్త తెచ్చునది. వానకాలపు రాత్రి చెఱువుకట్టకు గండిపడునేమో యని భయము కలిగినప్పుడు గ్రామమువారు మొదట ఏమి చేయుదురు? ఊరంతయు ఒక్కసారిగ మట్టితట్టలు మోసికొని పరుగెత్తదు. చుఱుకైన వానినొకనిని, లాంతరు చేతికిచ్చి, కట్టవెంబడి పంపుదురు. గండి పూడ్చుట వాని పని కాదు. ఎక్కడ నీరు ఊరుచున్నదో చూచి, క్షేమముగ వచ్చి చెప్పిన చాలును. తేలిక టాంకు పనియు అట్టిదే. ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొన్న సేనానులకు అది గొప్ప మేలు చేసెను. మఱచినవారి చేతిలో, దానియందు కూర్చున్న మనుష్యులు నిష్కారణముగ మడిసిరి.

దానిని తేలికగ చేయుట యేల? టాంకు నిర్మించువాడు ఎప్పుడును మూడు కోరికల నడుమ చిక్కుకొని యుండును. గుండు చొరని దట్టమైన ఉక్కుకవచము కావలెను. దూరము కొట్టు ఫిరంగి కావలెను. ఎక్కడికైనను వేగముగ పోగల చలనము కావలెను. ఈ మూడును ఒక్కచోట పూర్తిగ కుదరవు. కవచపు మందము రెట్టింపైన దాని బరువును రెట్టింపగును. పెద్ద ఫిరంగి పెట్టిన, దానిని త్రిప్పుటకు పెద్ద బురుజు కావలెను. ఆ బురుజు చుట్టును మరల కవచము కావలెను. బరువు పెరిగినకొలది పెద్ద యింజను, ఆ యింజనునకు మఱింత నూనె. కడపట వంతెన దానిని మోయలేదు. మెత్తని నేల దానిని మ్రింగును. నల్లరేగడిలో నిండుబండి యిరుసుదాక దిగబడుటయు, దాని ప్రక్కనే బాటసారి దాటిపోవుటయు మీరు చూచినదే. చక్రముల చుట్టు వెడల్పైన ఇనుపపట్టాలు తొడుగుట బరువును నేలపై పఱచుటకే. అయినను దానికిని ఒక హద్దు కలదు. కావున వేగు చూచు టాంకునకు కవచమును, ఫిరంగిని తగ్గించి, చలనమును నిలుపుకొనిరి.

మొదటి టాంకులు 1916 సెప్టెంబరు 15వ తేదీన, ఫ్రాన్సుదేశములోని సోమ్ యుద్ధరంగమున, బ్రిటిషువారి పక్షమున దిగినవి. ఒక్కొక్కటి సుమారు 28 టన్నుల బరువు. లోపల ఎనిమిదిమంది. నడక మాత్రము గంటకు నాలుగు మైళ్లకు లోపు. కందకములు దాటుటకు అది చాలును గాని, ముందుగ పోయి చూచి వచ్చుటకు చాలదు. ఫ్రెంచివారు 1917లో రెనో ఎఫ్‌టీ యను చిన్న టాంకును సిద్ధము చేసిరి. అది ఏడు టన్నులకు లోపు. అందు ఇరువురు మాత్రమే. నలుదిక్కులకు తిరుగు బురుజు పైనను, యింజను వెనుకను, తోలువాడు ముందును ఉండెడి ఆ అమరికయే తరువాతి టాంకులలో మిక్కిలి వాటికి మాదిరియైనది. కాని బురుజులోని నాయకుడు ఒక్కడే శత్రువును చూడవలెను, తుపాకి నింపవలెను, కాల్చవలెను, దారి చెప్పవలెను. యింజను హోరులో మాట వినబడదు గావున, ముందు కూర్చున్న తోలువానిని కాలితో తట్టి సంజ్ఞ చేసెడివాడు. ఇన్ని పనుల నడుమ చూచుట యను పని వెనుకబడుట ఆశ్చర్యము కాదు.

తరువాతి ఇరువది సంవత్సరములలో ఈ లోపము నెమ్మదిగ తీరెను. బ్రిటిషువారి తేలిక టాంకులలో నాల్గవరకము వఱకు ఇరువురే కూర్చుండిరి. అయిదవరకమున మూడవవానిని చేర్చిరి. నాయకునకు పని తగ్గి, చుట్టు చూచుటకు తీఱిక చిక్కెను. 1936లో వచ్చిన ఆఱవరకమునకు బురుజు వెనుకభాగమును పెంచి, అందు వైర్‌లెస్ యంత్రము నిలిపిరి. ఇది చిన్న మార్పుగ తోచవచ్చును. కాని నా దృష్టిలో ఇదియే అన్నిటికంటె గొప్పది. శత్రువును చూచినవాడు మరలి వచ్చి చెప్పువఱకు ఆ వార్త ఎవరికిని ఉపయోగపడదు. దారిలో వాడు చచ్చిన, వార్తయు వానితోనే చచ్చును. వైర్‌లెస్ వచ్చిన పిమ్మట, చూచిన క్షణముననే మాట వెనుకకు చేరెను. ఈ ప్రసంగము మీకు చేరునట్లే, తంతి లేకయే, ఆ వార్తయు చేరెడిది. వేగు టాంకునకు ఫిరంగి కంటె గొంతు ముఖ్యము.

ఆఱవరకపు టాంకు బరువు సుమారు 5 టన్నులు. వేగము గంటకు 35 మైళ్లు. ఆయుధములు రెండు మరతుపాకులు. కవచము ఎంత మందమైనచోటను 14 మిల్లీమీటర్లు. అనగా చిటికెనవ్రేలి మందము. 1940 మే నెలలో జర్మను సైన్యములు ఫ్రాన్సుపై పడినప్పుడు, అక్కడి బ్రిటిషు సైన్యమునకు ఉన్న టాంకులలో అధికభాగము ఇవియే. వేఱు టాంకులు చాలక, వేగునకై చేసిన వీనినే ఎదురుపోరునకు దింపవలసి వచ్చెను. జర్మను ఫిరంగుల ముందు ఆ చిటికెనవ్రేలి మందము ఏపాటి? పోయినవి పెక్కు, తిరిగి వచ్చినవి కొన్ని. తప్పు యంత్రముది కాదు. లాంతరు పట్టి పోవలసినవానిచేత గండి పూడ్పించుటవంటిది ఆ పని.

1941లో అమెరికావారి స్టూవర్టు టాంకు వచ్చెను. సుమారు 13 టన్నుల బరువు, నలుగురు మనుష్యులు, 37 మిల్లీమీటర్ల ఫిరంగి, విమానమునకై చేసిన యింజను. ఆ యేటి నవంబరులో లిబియా ఎడారిలో బ్రిటిషువారు దీనిని వాడిరి. యంత్రము నమ్మకముగ నడచుటచే సైనికులు దీనిని హనీ, అనగా తేనె, యని ముద్దుగ పిలిచిరి. అయినను దాని చిన్న ఫిరంగి జర్మనుల టాంకులకు చాలినది కాదు. యుద్ధపు చివరి సంవత్సరములలో బ్రిటిషువారు కొన్ని స్టూవర్టుల బురుజులను, ఫిరంగులతో సహా, ఊడదీసివేసి వేగునకు వాడిరి. ఎత్తు తగ్గి పొదలమాటున దాగుటకు వీలయ్యెను; బరువు తగ్గి పరుగు హెచ్చెను. ఫిరంగిని విడిచి కన్నును నిలుపుకొనుట యనగా ఇదియే.

ఇక మన దేశపు సంగతి. భారతీయ అశ్వికదళములలో గుఱ్ఱములను మొదట విడిచి యంత్రములెక్కినది సింధ్ హార్సు; అది 1938లో జరిగెను. గుఱ్ఱపురౌతు పూర్వము చేసిన వేగుపనియే తేలిక టాంకునకు సంక్రమించెను. మఱియొక దళమగు 7వ లైట్ కావల్రీ 1944లో ఇంఫాలు పోరునందు స్టూవర్టులతో జపానువారిని ఎదిర్చెను. నాలుగేండ్లకు ఆ దళమే, ఆ జాతి టాంకులతోనే, కాశ్మీరములోని జోజీ లా కనుమ చెంత నిలిచెను.

జోజీ లా సుమారు 11,500 అడుగుల ఎత్తున నున్నది. శ్రీనగరము నుండి లడాఖునకు పోవు బాట దాని మీదుగనే పోవును. 1948 వేసవిలో దండెత్తినవారు ఆ కనుమను, కార్గిలును పట్టుకొనుటచే లేహ్‌పట్టణమునకు నేలబాట తెగిపోయెను. సెప్టెంబరులో మన కాలిబంటులు చేసిన దాడులు, పైనుండి గుండ్లవాన కురియుటచే, ఫలింపలేదు. అప్పుడు జనరల్ తిమ్మయ్య టాంకులను పైకి ఎక్కింపవలెనని తలచెను. పెద్ద టాంకునకు అది అసాధ్యము. జమ్మూ నుండి వచ్చు మార్గమందలి వంతెనలు బలహీనములు. కనుమ దారి కంచరగాడిదల బాట. స్టూవర్టుల బురుజులను విప్పి వేఱుగ మోసికొనిపోయిరి. బరువు తగ్గెను, శత్రువుల వేగులవారికి అవి టాంకులని తెలియకయు పోయెను. మద్రాసు సాపర్లు, అనగా మన దక్షిణదేశపు యువకులతో నిండిన దళమువారు, చలిలో, శత్రువు కాల్పులకు ఎదురుగనే, ఆ గాడిదబాటను టాంకుదారిగ వెడల్పు చేసిరి. ఆ దళమున తెలుగువారు తరతరములుగ పనిచేయుచు వచ్చిరి. టాంకు కీర్తి చెప్పునప్పుడు, దానికి దారి కొట్టినవారిని మఱచుట న్యాయము కాదు.

1948 నవంబరు 1వ తేదీన, మంచు పడుచుండగా, లెఫ్టినెంట్ కర్నల్ రాజిందర్ సింగు నాయకత్వమున స్టూవర్టులు కనుమలో ప్రవేశించెను. అంత ఎత్తున టాంకులు పోరినది అంతకుముందు ఎన్నడును లేదు. శత్రువులు బంకరులు విడిచి పాఱిపోయిరి. నవంబరు 15 నాటికి ద్రాసును, 24 నాటికి కార్గిలును మనకు దక్కెను. లేహ్ బాట తెఱవబడెను. ఇది వేగుపని కాదుగదా, ఎదురుదాడియే గదా యని మీరడుగవచ్చును. నిజమే. కాని ఫ్రాన్సులో ఎదుట టాంకులను కొట్టు ఫిరంగులుండెను. జోజీ లా యందు అట్టివానితో ఎదురుచూచువారు లేరు. ఎవ్వరును టాంకు రాజాలదనుకొన్న చోటికి అది వచ్చెను. దాని తేలికయే దాని బలమైనది.

ఈ పాఠము మన సైన్యమునకు మరల మరల పనికివచ్చెను. 1962 అక్టోబరులో చైనావారు దండెత్తినప్పుడు, ఫ్రెంచివారి ఏఎంఎక్స్-13 యను 15 టన్నుల టాంకులను ఆఱింటిని చండీగఢ్ నుండి విమానములలో ఎక్కించి, 14,000 అడుగులకు పైబడిన చుషూలునందు దింపిరి. 1971లో బంగాళపు నదీదేశమున రష్యావారి పీటీ-76 టాంకులు నీటిపై ఈదుచు సాగెను. ఆ నవంబరు 21న గరీబ్‌పూరు చెంత, దట్టమైన పొగమంచులో, 14 పీటీ-76లు మాటున వేచియుండి పాకిస్థాను చాఫీ టాంకులను ఎదుర్కొని చాలవఱకు నాశనము చేసెను. చాఫీయు తేలికదే. మందమైన కవచము ఇరువురికిని లేదు. ముందుగ చూచినవాడు గెలిచెను.

2020లో లడాఖు సరిహద్దున ఉద్రిక్తత పెరిగినప్పుడు, 40 టన్నులు మించిన పెద్ద టాంకులను మనవారు శ్రమపడి ఆ యెత్తులకు చేర్చిరి. అక్కడ గాలి పలుచన. యింజను ఊపిరాడక బలము కోల్పోవును. బండి బరువైనకొలది ఆ నష్టము హెచ్చుగ తోచును. చైనావారికి అప్పటికే కొండలకు తగిన తేలిక టాంకు కలదు. ఆ మీదట మన రక్షణపరిశోధనా సంస్థయు లార్సెన్ అండ్ టూబ్రో వారును కలిసి జోరావర్ అను టాంకును రూపొందించిరి. 25 టన్నుల బరువు, 105 మిల్లీమీటర్ల ఫిరంగి. దాని తొలి నమూనాను 2024 జూలైలో గుజరాతులోని హజీరాయందు ప్రదర్శించిరి. ఆ డిసెంబరులో లడాఖునందు పరీక్షించిరి. పందొమ్మిదవ శతాబ్దమున లడాఖును జయించి, 1841లో టిబెట్టునందు పోరుచు మరణించిన జమ్మూ సేనాని జోరావర్ సింగు పేరే దానికిడిరి.

కడపట ఒక్క ప్రశ్న. 2022లో మొదలైన ఉక్రెయిను యుద్ధమున, మనుష్యుడు లేని చిన్న విమానములు ఆకాశము నుండియే జాడ చూచుచు, పైనుండియే టాంకులను కొట్టుట లోకమెల్ల చూచెను. కన్ను ఎగురనేర్చిన పిమ్మట, నేలపై ప్రాకు కన్ను ఏల? దీనికి సమాధానము ఇంకను స్థిరపడలేదు. అయినను చూచుట వేఱు, నిలుచుట వేఱు. విమానము కనుమను చూడగలదు, చూచి వెళ్లిపోవును. కనుమయందు నిలిచి, వెనుక వచ్చు కాలిబంటునకు అండగ నుండుటకు నేలపై ఎవరో యొకరు ఉండవలెను. ఆ యొకడు మన గ్రామములలోని యేయింటి బిడ్డయో కావచ్చును. వానికి ఎంత మందము కవచమిచ్చితిమని అడుగుట మంచిదే. దానికంటె ముందు, వానిని ఏ పనికి పంపుచున్నామో, ఆ పనికి ఆ బండి తగినదో కాదో అడుగవలెను.