నిప్పులపై కాల్చిన వంకాయ బజ్జి: జొన్నరొట్టెకు తగిన వసంతకాలపు తోడుకూర

ఫాల్గుణమాసము ప్రవేశించినది మొదలు చైత్రము ముగియువఱకు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో బావుల క్రిందను, తుంగభద్ర దిగువ కాలువ క్రిందను ఉన్న తోటలందు వంకాయ విరివిగా కాచును. గంపలన్నియు ఒకేసారి సంతకు వచ్చిపడుటచే ధర పడిపోవును. బండికూలి గిట్టక కొందఱు కాయలను పశువుల ముందు పోయుచుందురు. అదే ఇంటిలో ఆ పూట జొన్నరొట్టెకు తోడుగా ఎండుకారమును, పచ్చి ఎఱ్ఱగడ్డయును తప్ప వేఱొకటి ఉండదు. ఈ విపరీతమును మేము గ్రామములు తిరుగునప్పుడు పెక్కుమార్లు చూచితిమి. కారణమడిగినచో, పగలంతయు మిరపకాయలు కోసి, పత్తికట్టె పెఱికి వచ్చిన ఆడువారికి కూర తఱిగి వండు ఓపిక ఉండదనియు, నూనెవంకాయ చేయబోయిన నూనె మిక్కిలి పట్టుననియు చెప్పిరి. రెండును నిజములే. కావున ఎక్కువ నూనెను గాని, వేఱుగా వంటచెఱకును గాని కోరని కాల్పు పద్ధతిని గూర్చి ఇచట వ్రాయుచున్నాము.

ఇది క్రొత్త వంట కాదు. కోస్తా జిల్లాలవారు బజ్జి యనిన శనగపిండిలో ముంచి నూనెలో వేచినదని తలంతురు గాని, ఇచట మనము చెప్పు బజ్జి కాల్చి మెదిపిన కూర. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడువఱకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. అందువలన జొన్నరొట్టె విషయములోను, వంకాయ విషయములోను మన వంటిండ్లకును కన్నడసీమ వంటిండ్లకును భేదము స్వల్పము. అచట ఎణ్ణెగాయి యనునదియు మన నూనెవంకాయయు అక్కచెల్లెండ్రు. అయితే అవి పండుగనాటి వంటలు. బజ్జి పనిదినపు వంట.

వంకాయ నూనెను ఎందులకు త్రాగునో తెలిసికొనుట మంచిది. కాయలో నూటికి 92 పాళ్ళకు మించి నీరే. గుజ్జు దూదివలె గుల్లగానుండి, సందులందు గాలి నిండియుండును. నూనెలో వేసినచో గాలి వెడలిన చోటికెల్ల నూనె చొచ్చును. కాల్చునప్పుడన్ననో తోలే గిన్నెయగును. లోని నీరు ఆవిరియై గుజ్జును తానే ఉడికించును. నిప్పు తగిలిన తోలునుండి కమ్మని వాసన లోనికి దిగును.

కాయలను ఎంచుటలో శ్రద్ధ వహింపవలెను. తోలు మెఱయుచు, తొడిమ పచ్చగా నున్నవి లేతవి. మెఱపు తగ్గి పసుపుచాయ తిరిగినవి ముదురు. గింజ గట్టిపడి చేదు పుట్టును. వంకరవి, చిన్నవి, సంతలో ఎవ్వరును అడుగనివి బజ్జికి చక్కగా పనికివచ్చును. ఇక పురుగు మాట. చిల్లు లేని కాయలో పురుగుండదని మనవారి నమ్మకము. ఇది సరికాదు. వంగను పట్టు కాయతొలుచు పురుగు గ్రుడ్డునుండి వెలువడిన తోడనే, తొడిమ క్రిందనో ప్రక్కనో సూదిమొనయంత రంధ్రము చేసి లోనికి పోవును. ఆ రంధ్రము వెంటనే పూడిపోవును. మనకు కనబడు పెద్ద చిల్లు, పురుగు లోన పెరిగి బయటికి పోయిన దారి. కావున ప్రతి కాయను తొడిమ విడిపోకుండ నిలువుగా ఒక గాటు పెట్టి, విప్పి చూచియే కాల్చవలెను. పట్టుబడిన కాయలను గట్టున పాఱవేయక పూడ్చివేయుడు. తోటలో వ్రాలిన చిగుళ్ళను కూడ త్రుంచి నాశనము చేయుడు. ఈ గాటువలన ఇంకొక లాభము కలదు. కాయ నిప్పులపై పేలదు. గాటులో ఒక తెల్లగడ్డ పాయను దూర్చిన అదియు లోననే ఉడికి మెత్తనగును.

మందు చల్లిన తోటనుండి, ఆ మందు డబ్బాపై వ్రాసిన దినములు గడువకమునుపు కాయ కోయరాదు. తోలు తీసివేయుదుము గదా యని కొందఱు వాదింతురు. కొన్ని మందులు మొక్క రసములో కలిసి గుజ్జులోనికే చేరును. తోలు తీసిన అవి పోవు.

ఇపుడు నిప్పు. దీనికి ప్రత్యేకముగా పొయ్యి రాజేయవలసిన పనిలేదు. సాయంకాలము రొట్టెలు కాల్చుట ముగిసిన పిమ్మట పొయ్యిలో మిగిలిన నిప్పులే చాలును. పత్తికట్టె త్వరగా మండి త్వరగా ఆఱును. కందికట్టె కొంత నిలుచును. రెండును కలిపి వాడువారి నిప్పులు మేలుగానుండును. మంటపై కాల్చిన తోలు మాడి లోన పచ్చి మిగులును. పొగ వాసన చేదెక్కించును. మంట చల్లారి, నిప్పులపై తెల్లని బూడిద పలుచగా పఱచుకొన్నప్పుడే కాయలు పెట్టవలెను. మందు డబ్బాలను, ప్లాస్టిక్ సంచులను నిప్పు రాజేయుటకు ఎన్నడును వాడరాదు. గ్యాసుపొయ్యి గలవారు చిన్నమంటపై ఇనుపజాలి యుంచి కాల్చుకొనవచ్చును. రుచి కొంచెము తగ్గును గాని పని జరుగును.

అయిదుగురికి అర కిలో వంకాయలు, రెండు టమాటాలు, ఒక పెద్ద ఎఱ్ఱగడ్డ, అయిదాఱు పచ్చిమిరపకాయలు, నాలుగైదు తెల్లగడ్డ పాయలు చాలును. వంకాయలకు ముందుగా చేతికంటిన నూనె రాచిన తోలు సులభముగా వచ్చును. గాటు పైకుండునట్లు పెట్టి, మూడు నాలుగు నిమిషములకొకసారి త్రిప్పుచుండవలెను. ఈ పనిని ఇంటి యజమానియే చేయవచ్చును; రొట్టె తట్టుట రానివారికిని కాయ త్రిప్పుట వచ్చును గదా. నడితరపు కాయకు సుమారు పావుగంట పట్టును. అడుగు మెత్తబడినదని తీసివేయరాదు. అన్నిటికంటె ఆలస్యముగా ఉడుకునది తొడిమ దాపున నుండు గుజ్జు. అచట పుల్ల గ్రుచ్చిన అడ్డులేక దిగవలెను. ఎఱ్ఱగడ్డను సగము కోసి, ఆ సగమును పొట్టుతోనే కాల్చి, తక్కిన సగమును పచ్చిగా ఉంచుడు. మిరపకాయలను చీల్చియే నిప్పుపై వేయవలెను. లేనిచో పేలి కంటిలో పడును.

కాలిన కాయలను గిన్నెలో వేసి అయిదు నిమిషములు మూతపెట్టిన చెమర్చి తోలు విడును. కుండనీటిలో వేసి కడుగుట కొందఱికి అలవాటు. దానివలన రసమంతయు నీటిపాలగును. చేతివ్రేళ్ళను మాత్రము తడిపికొనుచు ఒలువవలెను. మాడి బొగ్గైన తోలు ముక్కలు ఆరోగ్యమునకు మంచివి కావు, వానిని ఏఱివేయుడు.

మన ప్రాంతపు బజ్జికి బలమిచ్చునవి బుడ్డలు, అనగా వేరుశనగలు. గుప్పెడు గింజలను వేయించి, పొట్టు ఊది, బరకగా దంచి కలుపుదురు. ఇచట ఒక హెచ్చరిక. అమ్మగా మిగిలిన ముడుతగింజలు, నల్లబడినవి, బూజుపట్టినవి ఇంటివాడుకకు ఉంచుకొనుట మన రైతులలో తఱచుగా కానవచ్చును. 1960వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీకోళ్ళు కారణము తెలియక చచ్చెను. వానికి మేపిన వేరుశనగ పిండిలో బూజువలన పుట్టిన విషమున్నట్లు పిమ్మట తేలెను. అఫ్లటాక్సిన్ అను ఆ విషము మనుష్యుల కాలేయమును కూడ చెఱచును. వేయించినంతమాత్రమున అది పూర్తిగా పోదు. బూజుగింజను ఏఱి పాఱవేయుటయే మార్గము, పశువులకును పెట్టరాదు.

రోటిలో మొదట ఉప్పు, మిరపకాయలు, తెల్లగడ్డ నూఱి, పిమ్మట బుడ్డలపొడి, కాల్చిన ఎఱ్ఱగడ్డ, టమాటా, తుదకు వంకాయ గుజ్జు వేయవలెను. గుజ్జును నూఱక మెదుపుడు, నూఱిన బంకయగును. పైన పచ్చి ఎఱ్ఱగడ్డ, కొత్తిమీర, దొరకినచో లేత ఉల్లికాడలు సన్నగా తఱిగి చల్లుడు. నిమ్మరసమును మాత్రము బజ్జి గోరువెచ్చనైన తరువాతనే పిండవలెను. దీనికి కారణము రుచి యొక్కటే కాదు. జొన్నలో ఇనుము కలదు గాని దానిని మన శరీరము కొద్దిగానే గ్రహించును. నిమ్మ, పచ్చి కొత్తిమీరలందలి సి విటమిను ఆ ఇనుమును శరీరమునకు అందించుటలో తోడ్పడును. ఈ విటమిను వేడికి నశించును. రక్తహీనత గల స్త్రీలు మన గ్రామములలో అనేకులు. వారు రొట్టెను ఉట్టికారముతో తినుటకును, ఇట్టి బజ్జితో తినుటకును గల వ్యత్యాసము చిన్నది కాదు. దీనితో రక్తహీనత నయమగునని మేము చెప్పము. వైద్యులిచ్చు ఇనుప మాత్రలు మానరాదు. భోజనమైన వెంటనే టీ త్రాగు అలవాటు ఆ ఇనుమును అడ్డగించును గనుక ఒక గంటయైన ఆగుట మేలు.

పిల్లలకు మిరపకాయ కలుపకముందే కొంత గుజ్జు తీసి, ఉప్పును బుడ్డలపొడియు వేసి ఇచ్చినచో ఇష్టముగా తిందురు. ఈ ఎండలకు బజ్జి మఱునాటికి నిలువదు. ఏ పూటది ఆ పూటనే చేసికొనవలెను. పొలమునకు చద్దికట్టువారు నిమ్మకు మాఱు చింతపండు వాడి, పచ్చి ఎఱ్ఱగడ్డను విడిగా కట్టుకొనుట మంచిది.

పత్తికట్టె ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. పొయ్యికని పెరటిలో వామివేసిన కట్టెకు విచ్చని కాయలు అంటియుండును. గులాబిరంగు కాయతొలుచు పురుగు ఆ కాయలలోనే దాగియుండి, వానలు పడి క్రొత్తపైరు పూతకు వచ్చువేళ సీతాకోకయై ఎగిరిపోవును. కట్టె వామివేయక మునుపే కాయలను దులిపి కాల్చివేయుడు. అట్లు చేయలేకపోయినచో, ఆ కాయలున్న కట్టెనే ముందుగా పొయ్యికి వాడి, తొలకరిలోపల వామి పూర్తి చేయుడు.